మన సొమ్మే, మనకే రెండు వందలు

2024 పార్లమెంటు ఎన్నికల్లో బళ్ళారిలో ఓటు వెల రెండు వందల రూపాయలు. ఇది టీ అంగట్లో విన్న కబురు కాదు. ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ చేసిన ఆరోపణ. కర్ణాటక మహర్షి వాల్మీకి షెడ్యూల్డు తెగల అభివృద్ధి కార్పొరేషన్ నుంచి కాజేసిన డబ్బులో 20 కోట్ల 19 లక్షలు బళ్ళారి లోక్‌సభ ఎన్నికకు ఖర్చయ్యాయనీ, ఓటరుకు 200 చొప్పున పంచారనీ ఈడీ అంటోంది. అప్పటి మంత్రి, బళ్ళారి రూరల్ ఎమ్మెల్యే బి. నాగేంద్రను అసలు సూత్రధారిగా చూపింది. ఆయన కాదంటున్నారు. రాష్ట్ర ప్రభుత్వం వేసిన సిట్ తన చార్జిషీటులో ఆయన పేరు పెట్టలేదు. కోర్టు తీర్పు ఇవ్వలేదు. తీర్పు రాకముందే ఒక మనిషిని దొంగ అనే హక్కు నాకు లేదు, అందుకే అనను.

కాని కోర్టు చెప్పేదాకా ఆగనక్కరలేని సంగతులు కొన్ని ఉన్నాయి. 2024 మే 26న ఆ కార్పొరేషన్ అకౌంట్స్ సూపరింటెండెంట్ శివమొగ్గలోని తన ఇంట్లో ప్రాణం తీసుకున్నాడు. కార్పొరేషన్ డబ్బు 187 కోట్లు అడ్డదారిన వేరే ఖాతాకు మళ్ళిందని కాగితం మీద రాసిపెట్టి మరీ పోయాడు. అందులో సుమారు 89 కోట్ల 60 లక్షలు బయటికి పోయిన మాట నిజమేనని ముఖ్యమంత్రి సిద్ధరామయ్య శాసనసభలోనే ఒప్పుకున్నారు. నూట ఎనభై ఏడు కాదు, ఎనభై తొమ్మిదే అని ఆయన వాదన. అదేదో ఊరట అన్నట్టు! నాగేంద్ర జూన్ 6న మంత్రి పదవికి రాజీనామా చేశారు, జూలై 12న ఈడీ అరెస్టు చేసింది, అక్టోబరులో బెయిలు మీద బయటికొచ్చారు. 2025 జూన్‌లో బళ్ళారి ఎంపీ ఇ. తుకారాం ఇంటితో పాటు జిల్లాలోని కొందరు కాంగ్రెస్ ఎమ్మెల్యేల ఇళ్ళ మీదా ఈడీ సోదాలు జరిగాయి. ఎవరు తిన్నారన్నది కోర్టు చూసుకుంటుంది. ఎవరి నోటి దగ్గరిది తిన్నారన్నది మాత్రం ఇప్పటికే తెలుసు.

ఆంధ్రా, తెలంగాణల్లో ఉన్న చదువరుల కోసం ఒక మాట చెప్పాలి. మాది సరిహద్దు జిల్లా. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం అటు పోయాయి, బళ్ళారి మైసూరుకి వచ్చింది. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, బజారులో రెండూ. మా గుళ్ళలో ఆరాధన ఒక ఆదివారం ఒక భాషలో మొదలై ఇంకో భాషలో ముగుస్తుంది. ఇక్కడ వాల్మీకి నాయకులు ఎస్టీలు. గీత దాటి ఆదోని పోతే అదే బోయ కులస్థులు బీసీలు. చుట్టరికం ఒకటే, కాగితం వేరు. బళ్ళారి లోక్‌సభ స్థానం కూడా 2009 నుంచి ఎస్టీలకు రిజర్వు. మతం మారినా ఎస్టీ హోదా పోదు గనుక మన విశ్వాసుల్లో ఉన్న వాల్మీకి కుటుంబాలకు కూడా ఆ కార్పొరేషన్ తలుపు తెరిచే ఉంటుంది. దళిత క్రైస్తవులకు 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మూసేసిన తలుపులాంటిది కాదు ఇది.

ఆ తలుపు లోపల ఏముంటుంది? చిన్న రైతుకు గంగా కళ్యాణ కింద బోరుబావి. చదువుకున్న కుర్రవాడు ఆటోనో చిన్న అంగడో పెట్టుకోవడానికి అప్పు. భూమిలేని కూలీ ఆడమనిషి పేరు మీద కాస్త పొలం. అర్జీ పెట్టి ఏళ్ళ తరబడి ఆఫీసు చుట్టూ తిరిగినవాళ్ళు మన సంఘాల్లోనే ఉన్నారు. వెళ్ళిన ప్రతిసారీ వాళ్ళకు వచ్చే జవాబు ఒకటే. గ్రాంటు రాలేదు. గ్రాంటు వచ్చింది. వచ్చి బెంగళూరులో ఎం.జి. రోడ్డు బ్యాంకు శాఖ దాకా పోయింది. అక్కడి నుంచి హైదరాబాదులోని ఒక సహకార పరపతి సంఘంలో తెరిచిన 18 ఖాతాలకు పోయింది. ఆ తర్వాత, ఈడీ మాట నిజమైతే, అందులో కొంత నోట్ల రూపంలో బళ్ళారి వీధుల్లోకి తిరిగి వచ్చింది. మన ఆధార్ కార్డులో ఒక అక్షరం తేడా ఉంటే పింఛను ఆపేసే ప్రభుత్వం, ఇన్ని కోట్లు రెండు రాష్ట్రాలు దాటుతుంటే గుర్తుపట్టలేదట.

నాతాను ప్రవక్త దావీదుకు చెప్పిన కథ మీకు తెలుసు. ధనవంతుడి దగ్గర మందలకు మందలున్నాయి. బీదవాడికి ఒక్క ఆడ గొర్రెపిల్ల. చుట్టం ఇంటికొస్తే ధనవంతుడు తన మందను ముట్టుకోకుండా ఆ బీదవాడి పిల్లను పట్టి కోసి వడ్డించాడు. దావీదుకు అది విని ఒళ్ళు మండింది. ఈడీ ఆరోపణే నిజమైతే బళ్ళారిలో జరిగింది అంతకంటే ఘోరం. ఇక్కడ గొర్రెపిల్లను కోసి, కూరలో ఒక ముక్క తీసి, ఆ బీదవాడికే పెట్టి, చేతులు జోడించి, నీకు పెట్టింది నేనే, గుర్తుంచుకో అన్నారు.

రెండు వందలు ఐదేళ్ళకు పంచి చూడండి. రోజుకు పదకొండు పైసలు. పదకొండు పైసలకు ఇప్పుడు అంగట్లో ఏదీ రాదు, ఆ నాణెమే లేదు.

ఓటుకు డబ్బు అనగానే మనవాళ్ళలో చదువుకున్నవాళ్ళు, కాస్త కుదురుగా బ్రతుకుతున్నవాళ్ళు వెంటనే పేదవాళ్ళ మీద పడతారు. ఈ జనం అమ్ముడుపోతారండీ, అందుకే దేశం ఇట్లా ఉంది అంటారు. పాస్టర్లు కూడా పుల్పిట్ మీద నుంచి ఇదే అంటున్నారు. నేను ఒప్పుకోను. మిరపకాయ కోతకు తెల్లవారుజామున ట్రాక్టర్ ఎక్కి పోయే ఆడమనిషికి, జీన్స్ యూనిట్లో ముక్కకు ఇంత అని కుట్టే అమ్మాయికి రెండు వందలంటే ఆ పూట ఇంట్లో పొయ్యి మీదికి ఎక్కే గిన్నె. ఆమె చేయి చాపింది ఆకలికి. ఆ నోటును బండిల్ కట్టి, ఓటరు జాబితా పేజీకి పిన్ను కొట్టి, బూతుకో మనిషిని పెట్టి పంపినవాడు చేసింది వ్యాపారం. ఆమెనూ వాడినీ ఒకే తక్కెడలో వేసి తూచే బోధకుడు ఆమోసు గ్రంథం ఇంకోసారి చదవాలి. బీదవారిని చెప్పుల జోడు ఖరీదుకు అమ్మేవాళ్ళ మీద ఆ గొర్రెల కాపరి ప్రవక్త నిప్పులు కక్కాడు. అమ్ముడుపోయినవాళ్ళను ఒక్క మాట అనలేదు.

చట్టం మాత్రం ఆమెనూ వదలదు. భారతీయ న్యాయ సంహిత 170వ సెక్షన్ ప్రకారం ఓటు కోసం లంచం ఇచ్చినా నేరమే, పుచ్చుకున్నా నేరమే. ఏడాది దాకా జైలు. పోలీసుకు దొరికేది ఎవరో చెప్పనక్కరలేదు. రెండు వందలు తీసుకున్న ఆమె పేరు ఎఫ్ఐఆర్‌లో ఎక్కడం సులభం, ఇరవై కోట్లు పంపినవాడి పేరు ఎక్కడం కష్టం.

ఇంకొక వాదన ఉంది, ఇది కుర్రవాళ్ళకు బాగా నచ్చుతుంది. డబ్బు తీసుకో, ఓటు మాత్రం నీ ఇష్టం వచ్చినవాడికి వెయ్. వినడానికి తెలివిగా ఉంటుంది, దొంగను మోసం చేసినట్టు కూడా ఉంటుంది. అసలు సంగతేంటంటే, మోసపోయేది మళ్ళీ మనమే. ఆ నోటు నీ చేతికొచ్చేసరికి బోరుబావి ఎగిరిపోయి చాలా రోజులైంది. నువ్వు ఎవరికి వేసినా అది తిరిగి రాదు. ఓడినవాడు వచ్చేసారికి ఇంకా పెద్ద సంచి వెతుకుతాడు, గెలిచినవాడు పెట్టింది రాబట్టుకుంటాడు. రోడ్డు కాంట్రాక్టులో, ఇసుకలో, బదిలీల్లో. అన్నింటికంటే పెద్ద నష్టం ఇంకొకటుంది. బళ్ళారి ఎస్టీ రిజర్వు స్థానం కదా, ఒక వాల్మీకి కూలీ కొడుకు, న్యాయశాస్త్రం చదివినవాడు, నిజాయితీగా నిలబడతానంటే నిలబడగలడా? లోక్‌సభ అభ్యర్థికి చట్టం ఇచ్చిన ఖర్చు పరిమితి 95 లక్షలు. ఈడీ చెబుతున్నది 20 కోట్ల 19 లక్షలు. ఇరవై ఒక్క రెట్లు. రిజర్వేషన్ కులానికి ఇచ్చారు, టికెట్టు మాత్రం సంచికి ఇస్తున్నారు.

తుకారాం గారు దాదాపు 99 వేల ఓట్ల తేడాతో బి. శ్రీరాములును ఓడించి గెలిచారు. అంత ఆధిక్యం రెండు వందల వల్లే వచ్చిందని నేను అనడం లేదు, అది అవివేకం. శ్రీరాములు వైపు కూడా చేతులు కడుక్కుని కూర్చోలేదని బళ్ళారి పిల్లవాడిని అడిగినా చెబుతాడు. అందుకే ఈ వ్యాసం చదివి బీజేపీ మిత్రులు చప్పట్లు కొట్టొద్దు. కొంచెం వెనక్కి పోదాం.

2008లో బీజేపీ దక్షిణాదిలో మొదటిసారి సొంత ప్రభుత్వం పెట్టింది. 224 స్థానాల సభలో 110 వచ్చాయి, ఇంకొక మూడు కావాలి. ఇండిపెండెంట్లు వచ్చారు, ఆ తర్వాత ఎదుటి పార్టీల ఎమ్మెల్యేలు రాజీనామాలు చేసి వచ్చి మళ్ళీ పోటీ చేశారు. దానికి ఆపరేషన్ కమల అని పేరు. అందులో మండింది బళ్ళారి ఇనుప ఖనిజమేనని రాష్ట్రమంతా చెప్పుకుంది. గాలి జనార్దనరెడ్డి, కరుణాకరరెడ్డి, శ్రీరాములు ముగ్గురూ మంత్రులయ్యారు. తెలుగువాళ్ళం కదా, మనవాళ్ళు బెంగళూరులో చక్రం తిప్పుతున్నారని మనలోనూ కొందరు మురిశారు. 2011 జూలైలో లోకాయుక్త జస్టిస్ సంతోష్ హెగ్డే నివేదిక వచ్చింది. అక్రమ గనుల వల్ల 2006 నుంచి 2010 దాకా ఖజానాకు 16,085 కోట్ల నష్టమని లెక్క కట్టింది. ముఖ్యమంత్రి యడియూరప్ప ఆ నెలాఖరుకే దిగిపోయారు. ఆయన కుటుంబం నడిపే విద్యా ట్రస్టుకు జిందాల్ గ్రూపు గనుల కంపెనీ ఒకటి 10 కోట్లు చందా ఇచ్చిన సంగతి ఆ నివేదికలోదే. 2016లో సీబీఐ కోర్టు ఆ కేసులో అందరినీ నిర్దోషులని విడిచిపెట్టింది, అది కూడా చెప్పాలి. అయినా ఆ సంగతి ఎందుకు తెచ్చానంటే, రాజకీయానికి ఇచ్చే డబ్బు ఎప్పుడూ సంచిలోనే రాదు. బడికి చందాగా వస్తుంది, ఆసుపత్రికి చందాగా వస్తుంది, మందిరానికి కూడా వస్తుంది. దాని దగ్గరికి వస్తాను.

జనార్దనరెడ్డికి ఓబుళాపురం కేసులో 2025 మే 6న హైదరాబాదు సీబీఐ కోర్టు ఏడేళ్ళ శిక్ష వేసింది. నెల తిరిగేసరికి తెలంగాణ హైకోర్టు శిక్షను నిలిపి బెయిలిచ్చింది, అప్పీలు నడుస్తోంది. నేరం జరిగి పదిహేనేళ్ళు దాటింది. ఈ మధ్యలో ఎన్ని ఎన్నికలు జరిగాయో మీరే లెక్కపెట్టుకోండి.

2010లో ఈ దోపిడీ మీదే సిద్ధరామయ్య బెంగళూరు నుంచి బళ్ళారి దాకా పాదయాత్ర చేశారు. 300 కిలోమీటర్లకు పైగా నడిచి వచ్చి బళ్ళారి నడిబొడ్డున నిలబడి సవాలు విసిరారు. ఆ నడకే ఆయన్ను ముఖ్యమంత్రిని చేసింది అనేవాళ్ళున్నారు. ఆ నడకను చూసి ఆశపడ్డవాళ్ళలో మన సంఘాలూ ఉన్నాయి. అదే సిద్ధరామయ్య ప్రభుత్వంలో, అదే బళ్ళారి ఎన్నిక కోసం, గనుల డబ్బు పోయి గిరిజనుల డబ్బు వాడారన్న ఆరోపణ వచ్చింది. రాళ్ళు అయిపోతే మనుషుల మీదికి వచ్చినట్టు.

ఇదంతా చిల్లర వ్యాపారం. హోల్‌సేల్ వేరే చోట జరిగింది. 2018 నుంచి ఎలక్టోరల్ బాండ్లు అని ఒక పద్ధతి నడిపారు. కంపెనీ స్టేట్ బ్యాంకులో బాండు కొంటుంది, పార్టీకి ఇస్తుంది, ఎవరు ఎవరికిచ్చారో ఓటరుకు తెలియదు. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు ఇది రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసి పేర్లు బయట పెట్టమంది. పెట్టాక చూస్తే కొన్నవాళ్ళలో రెండో స్థానం మన హైదరాబాదు మేఘా ఇంజనీరింగ్‌ది, 966 కోట్లు. కాలువలు, ఎత్తిపోతలు, సొరంగాలు కట్టే కంపెనీ. దాని డబ్బులో పెద్ద వాటా బీజేపీకి, తర్వాత బీఆర్‌ఎస్‌కి పోయింది. వైఎస్సార్‌సీపీ, టీడీపీ, కాంగ్రెస్ ఎవరూ ఖాళీ చేతులతో లేరు. ఇక అరబిందో ఫార్మా డైరెక్టరు శరత్‌చంద్రారెడ్డిని ఢిల్లీ మద్యం కేసులో 2022 నవంబరు 10న ఈడీ అరెస్టు చేసింది. ఐదు రోజులకు ఆ కంపెనీ 5 కోట్ల బాండ్లు కొంది. అవి బీజేపీ ఖాతాలో జమయ్యాయి. తర్వాతి ఏడాది ఆయన అప్రూవరయ్యారు. ఈ తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే ఏం అర్థమవుతుందో నేను చెప్పనక్కరలేదు.

అందుకే బళ్ళారి కేసులో ఈడీ చెప్పిన ప్రతి మాటా వేదవాక్కని నేను అనలేను. ఒక వైపే చూసే కన్ను ఆ సంస్థదని ఎదుటి పార్టీలు అనడంలో పస ఉంది. కాని వాళ్ళ కన్ను ఒక వైపే చూస్తోంది గనుక ఆ వైపు ఏమీ జరగలేదనడం మూర్ఖత్వం. పక్షపాతం ఉన్న సాక్షి కూడా ఒక్కోసారి నిజమే చెబుతాడు.

ఇక మన ఇంటి సంగతి.

ఎన్నికల నోటిఫికేషన్ రాగానే పాస్టర్స్ ఫెలోషిప్ మీటింగులకు హాజరు పెరుగుతుంది. ఎందుకో అందరికీ తెలుసు. ఒకసారి మా దగ్గరే ప్రార్థన కూడిక అని పిలిచి, ఆమేన్ అన్న తర్వాత కవర్లు పంచారు. ఏ పార్టీయో రాయను, ఏ పార్టీ అయినా అదే పని చేసేది. కవరు వద్దన్న ఇద్దరు ముగ్గురిని మిగతావాళ్ళు చూసిన చూపు, అడగకుండా పుచ్చుకున్నవాళ్ళ మీద కూడా పడి ఉండదు. ఆత్మీయ గర్వం అని ఒక పెద్దాయన మెల్లగా అన్నారు కూడా. కవరు ఒక్కటే కాదు. గుడికి ప్లాస్టిక్ కుర్చీలు, సౌండ్ బాక్సులు, ప్రహరీ గోడ, స్లాబుకు సిమెంటు బస్తాలు. ఇచ్చినాయన పేరు కుర్చీ వెనక పెయింటు చేసి ఉంటుంది. ఆరాధనలో ముందు వరుసలో కూర్చున్నవాడి వీపు అభ్యర్థి పేరుకు ఆనుకుని ఉంటుంది. బదులుగా ఆయన అడిగేది పెద్దదేమీ కాదు. సంఘ సభ్యుల పేర్లు, ఫోన్ నంబర్లు. ఆదివారం నాడు రెండు నిమిషాలు మైకు. అంతే.

ఆంధ్రాలో ప్రభుత్వమే పాస్టర్లకు నెలకు ఐదు వేలు గౌరవ వేతనం ఇచ్చే పథకం పెట్టింది. దాని మీద నాకు అభ్యంతరం ఉంది గాని అది ఇంకో రోజు రాస్తాను. అదైనా బడ్జెట్‌లో ఉంటుంది, జీవో ఉంటుంది, అడిగితే లెక్క దొరుకుతుంది. కవరుకు ఏ లెక్కా లేదు.

రాజులను ఓడించి, లోతును విడిపించి, దోపుడు సొమ్మంతా వెనక్కి తెచ్చిన అబ్రాహామును సొదొమ రాజు బతిమాలాడు, సొమ్ము నువ్వు ఉంచుకో, మనుషులను నాకు ఇవ్వు అని. అబ్రాహాము నూలుపోగు కూడా ముట్టనన్నాడు, చెప్పుల వారు కూడా వద్దన్నాడు. ఎందుకట? నేనే అబ్రామును ధనవంతుణ్ణి చేశానని రేపు ఆ రాజు చెప్పుకోకూడదని. ఆ బేరం గమనించారా, సొమ్ము నీకు, మనుషులు నాకు. మన అభ్యర్థులు అడుగుతున్నది కూడా సరిగ్గా అదే. సౌండ్ బాక్సు నీకు, నీ సంఘం నాకు.

అంతకంటే సిగ్గుపడాల్సిన సంగతి సువార్తలో ఉంది. యూదా ముప్పై వెండి నాణేలు దేవాలయంలో విసిరికొట్టి పోయాడు. యేసును చంపించడానికి కుట్ర చేసిన ఆ ప్రధాన యాజకులే, ఈ డబ్బు కానుకల పెట్టెలో వేయకూడదు, ఇది రక్తం ధర అన్నారు. వాళ్ళు కుట్రదారులు, హంతకులు, అయినా డబ్బు ఎక్కడిదో చూసి పెట్టెలోకి రానివ్వలేదు. కుమ్మరివాని పొలం కొని పరదేశుల సమాధులకు ఇచ్చారు. మన కమిటీలకు ఆ యాజకులంత పట్టింపు కూడా లేకపోయిందే! ఒక ఉద్యోగి ప్రాణం పోయిన సొమ్ము అందులో కలిసి ఉండవచ్చు అన్న అనుమానం ఒక్కటి చాలదా, ఎక్కడిది అని అడగడానికి?

పాస్టరు పేదవాడు, ఊళ్ళో సంఘం చిన్నది, గోడ కూలిపోయే స్థితిలో ఉంది, ఎవరిస్తే ఏం అనేవాళ్ళ బాధ నాకు తెలుసు. నేనూ అలాంటి గోడల మధ్యే పరిచర్య చేస్తున్నాను. కాని ఆ గోడ కట్టినవాడి మీద రేపు ధర్నా చేయాల్సి వస్తే, సంఘం ఆ గోడ లోపలే కూర్చుని మౌన ప్రార్థన చేస్తుంది. తుంగభద్ర నీళ్ళ గురించి, తోరణగల్లు దుమ్ము గురించి, సండూరు కొండల్లో పోయిన చెట్ల గురించి మన సంఘాలు ఇన్నేళ్ళు ఎందుకు నోరెత్తలేదో ఆ కుర్చీల వెనక చూస్తే తెలుస్తుంది. 1810లో జాన్ హాండ్స్ బళ్ళారికి వచ్చి లండన్ మిషన్ మొదలుపెట్టాక రెండు వందల ఏళ్ళు దాటింది. రెండు వందల ఏళ్ళ సంఘం ఇక్కడ ప్రశ్న అడగకపోతే ఇంకెక్కడ అడుగుతుంది?

అడిగే దారి ఉంది. అభ్యర్థి ఫలితం వచ్చిన 30 రోజుల్లోగా తన ఖర్చు లెక్క జిల్లా ఎన్నికల అధికారికి, అంటే మన డీసీకి ఇవ్వాలి. 1961 ఎన్నికల నిర్వహణ నియమాల్లో 88వది ఒక రూపాయి రుసుము కడితే ఎవరైనా ఆ లెక్క చూడవచ్చంటుంది. ఒక్క రూపాయి. రెండు వందలు పుచ్చుకునే చోట ఒక్క రూపాయి కట్టి చూసినవాళ్ళు మన యూత్ గ్రూపుల్లో ఎందరు? అందులో షామియానాకు ఎంత, డప్పులకు ఎంత, జీపులకు ఎంత అని రాసి ఉంటుంది. మీ ఊళ్ళో ఆ రోజు ఎన్ని జీపులు తిరిగాయో మీకు తెలుసు, ఎందుకంటే మీలో కొందరు ఆ ర్యాలీలో పెట్రోలుకు, బిరియానీకి బైకు నడిపినవాళ్ళే. లెక్కలో ఎన్ని జీపులున్నాయో పోల్చి చూడండి. తేడా ఉంటే రాతపూర్వకంగా డీసీకి ఇవ్వండి, ఒక కాపీ మన పత్రికకు పంపండి. అయితే పార్టీ పెట్టే ఖర్చుకు మన చట్టంలో పరిమితే లేదు. అభ్యర్థికి 95 లక్షలు, పార్టీకి ఎంతైనా. ముందు తలుపుకు తాళం వేసి పెరటి గోడ పడగొట్టినట్టు ఉంటుంది. ఆ గోడ కట్టమని అడగాల్సింది కూడా మనమే.

నోట్లు పంచుతుంటే ఎన్నికల సంఘం సీ-విజిల్ యాప్‌లో ఫొటోనో వీడియోనో పెట్టవచ్చు, వంద నిమిషాల్లో స్పందిస్తామని వాళ్ళ మాట. ఒక జాగ్రత్త మాత్రం తీసుకోండి. పంచేవాడిని తీయండి, తీసుకునే అక్క ముఖం తీయకండి.

అడిగే ముందు మన పెట్టె తెరవాలి. పౌలు యెరూషలేము పేదల కోసం కానుకలు పోగుచేసినప్పుడు ఆ డబ్బు తానొక్కడే మోసుకుపోలేదు. సంఘాలు ఎన్నుకున్న మనుషులను తోడు తీసుకున్నాడు. తన మీద ఎవరూ వేలెత్తి చూపకూడదని, దేవుని ముందే కాదు మనుషుల ముందు కూడా లెక్క సరిగా ఉండాలని కొరింథీయులకు రాశాడు. అపొస్తలుడికే అంత జాగ్రత్త ఉంటే, సంవత్సరం లెక్క ఒక్కసారి కూడా చదివి వినిపించని మన సంఘాలు, దశమభాగం ఏమైందని అడిగినవాణ్ణి సణుగుకొనేవాడని పేరు పెట్టే మన సంఘాలు, ఏ ముఖం పెట్టుకుని డీసీ ఆఫీసుకు పోతాయి? వాల్మీకి కార్పొరేషన్ లెక్క అడిగే నోరు ముందు సంఘ ట్రెజరరును అడగాలి.

కాబట్టి తోటి పాస్టర్లకు నా విన్నపం ఇది, విన్నపం కన్నా కాస్త గట్టిదే అనుకోండి. 2023 అసెంబ్లీ ఎన్నికలకూ 2024 పార్లమెంటు ఎన్నికకూ మీ మందిరానికి ఏ అభ్యర్థి, ఏ పార్టీ, ఏ కాంట్రాక్టరు ఏమిచ్చారో, కుర్చీ దగ్గర నుంచి సిమెంటు బస్తా దాకా, ఒక కాగితం మీద రాయండి. వచ్చే ఆదివారం ప్రకటనల సమయంలో చదవండి. మన తెలుగులో, మన కన్నడంలో, వెనక వరుసలో చాప మీద కూర్చున్న అవ్వకు కూడా అర్థమయ్యేట్టు. చదివాక ఆ కుర్చీల వెనక పేర్లు తుడిపించండి. ఆ పనికి కావలసిన టర్పెంటైన్, బ్రష్షు మా యూత్ వాళ్ళు తెస్తామన్నారు, కబురు చేస్తే చాలు.